చైనా వైద్యం చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: పిల్లల జబ్బులు, కాలం లెక్క

పోయిన పాఠంలో ఆరు బయటి కారణాల గురించి చదివాం: గాలి, చలి, ఎండ, చెమ్మ, పొడి, నిప్పు. ముందు ఆ పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబు చూసేద్దాం. చలికాలం, నలభై ఏళ్ల మనిషి, దుప్పటి కప్పుకున్నా వణుకు, ఒళ్లు నొప్పులు, చెమట లేదు, ముక్కు నీళ్లలా కారుతోంది, నాలుక మీద పల్చటి తెల్లపూత. జవాబు గాలి-చలి. ఉత్త 'చలి' అని రాసుకుంటే సగం మార్కులే. ఈ లెక్కలో జలుబు చలి సాధారణంగా ఒంటరిగా ఒంట్లోకి రాదు, ముందు గాలి దారి తీయాలి.

ఇప్పుడు అదే చలి నాలుగేళ్ల పిల్లకు తగిలిందనుకోండి. పొద్దున ముక్కు కారుతుంది. రాత్రికి ఒళ్లు కాలిపోతుంది, నోరు వాసనేస్తుంది, నిద్రలో ఉలిక్కిపడుతుంది. మర్నాటికి లేచి ఆడుకున్నా ఆడుకోవచ్చు. పెద్దవాళ్ల జలుబుకు వేసిన లెక్కతో దీన్ని చదివితే ఎక్కడా పొసగదు. అందుకే చైనాలో పిల్లల వైద్యం వేరే శాఖగా పెరిగింది.

ఈ పాఠం అయ్యేసరికి, ఒక పిల్లల కేసు మీ ముందు పెడితే చైనా వైద్యుడు దాన్ని ఏమంటాడో, ఎందుకంటాడో మీరు చెప్పగలగాలి. మందు ఇవ్వడం నేర్పడం ఈ పాఠాల పని కాదు. మూలికల పేర్లు వస్తాయి, అవి ఆలోచన ఎటు నడిచిందో చూపించడానికే. ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే దారి పిల్లల డాక్టరు దగ్గరికే.

ముందు బిడ్డ, తర్వాతే కాలం

ఈ శాఖకు పెద్దదిక్కు చియెన్ యీ. 11వ శతాబ్దంలో, సుంగ్ రాజవంశం కాలంలో ఇప్పటి షాన్‌దుంగ్ ప్రాంతంలోని దుంగ్‌పింగ్‌లో పుట్టాడు. రాజధానిలో రాచబిడ్డలకు వైద్యం చేశాడు. షెన్‌జుంగ్ చక్రవర్తి కొడుకుల్లో ఒకడికి ఫిట్స్ వచ్చాయి, ఆస్థాన వైద్యుల వల్ల కాలేదు, చియెన్ యీని పిలిపించారు. ఆయన కాచి ఇచ్చిన కషాయంలో ముఖ్యమైన దినుసు పొయ్యి అడుగున ఏళ్ల తరబడి కాలిన మట్టి. పిల్లవాడు కోలుకున్నాడు. మట్టితో జబ్బెలా పోయిందని చక్రవర్తి అడిగితే, "మట్టి నీటిని అదుపు చేస్తుంది. నీరు కుదుటపడితే గాలి దానంతటదే ఆగుతుంది" అన్నాడు. అక్కడితో ఆగకుండా, మిగతా వైద్యులు అప్పటికే చాలావరకు నయం చేశారని, తాను సరిగ్గా తగ్గే వేళకు వచ్చానని కూడా చెప్పాడు. మందు వల్ల తగ్గిందా, తగ్గే వేళకు మందు పడిందా అన్న ప్రశ్న ఇప్పటికీ ఏ వైద్యాన్నీ వదల్లేదు. చక్రవర్తి ముందు నిలబడి తనంతట తానే దాన్ని ఎత్తినవాడు కాబట్టే నాకు ఆయనంటే గురి.

2వ పాఠంలోని ఐదు దశలు (కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు) గుర్తున్నవాళ్లకు ఆ జవాబు తేలిగ్గా అర్థమవుతుంది. మట్టి అంటే ప్లీహం, నీరు అంటే మూత్రపిండం, కట్టె అంటే కాలేయం, కాలేయానిది గాలి. ఫిట్స్ వచ్చిన పిల్లవాడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. ఒంట్లో అదుపు లేని కదలిక ఏదైనా గాలి ఖాతాలోకే వెళ్తుంది. ఇక్కడి ప్లీహం, కాలేయం స్కానింగులో కనిపించే అవయవాలు కావని మళ్లీ గుర్తు చేస్తున్నా. ప్లీహం అంటే తిన్నది ఒంటబట్టించే పని, కాలేయం అంటే పెరుగుదలనూ కదలికనూ నడిపే పని.

చియెన్ యీ పాఠాలనూ కేసులనూ కూర్చిన పుస్తకం 1119లో వచ్చింది. పిల్లల అవయవాలు ఇంకా మెత్తన అని, ఇట్టే బలహీనపడతాయి, ఇట్టే బిగుసుకుంటాయి, ఇట్టే చల్లబడతాయి, ఇట్టే వేడెక్కుతాయి అని అందులో ఉంది. ఈ నాలుగు 'ఇట్టే'లు నోటికి పట్టుకోండి. పొద్దున చలిగా మొదలైనది రాత్రికి వేడిగా ఎందుకు మారిందో చెప్పే వాక్యం ఇదే.

ఆ తర్వాత మింగ్ రాజవంశం కాలంలో, 16వ శతాబ్దంలో, వాన్ చువాన్ దీన్ని ఒక లెక్కగా కుదించాడు. పిల్లల్లో మూడింటికి కొరత, రెండింటికి మిగులు. కొరత ఉన్నవి ఊపిరితిత్తులు, ప్లీహం, మూత్రపిండం. మిగులు ఉన్నవి గుండె, కాలేయం. ఊపిరితిత్తుల కొరత వల్ల మాటిమాటికీ జలుబు, దగ్గు. ప్లీహం కొరత వల్ల కాస్త ఎక్కువ తింటే అజీర్ణం, విరేచనాలు. మూత్రపిండం కొరత పళ్లు, మాటలు, నడక ఆలస్యం కావడంలో తెలుస్తుంది. మిగులు వైపు చూస్తే గుండె వల్ల బెదురు, రాత్రిళ్లు ఏడుపు, కాలేయం వల్ల ఎక్కువ జ్వరంలో ఫిట్స్. ఇక మీదట ఏ కేసు చదివినా ఈ ఐదింటిలో ఏది కదిలిందో ముందు వెతకండి.

ఇక్కడ ఒక పాత తగాదా ఉంది. పిల్లలది అచ్చమైన యాంగ్ (వేడి, చురుకు వైపు) శరీరం అని పూర్వం నుంచీ ఒక మాట. దాన్ని పట్టుకుని, పిల్లల జబ్బులన్నీ వేడే, చల్లబరిచే మందులు గట్టిగా వాడాలి అన్నవాళ్లు చాలామంది. చియెన్ యీ కూడా, మాడు మూసుకోని పిల్లల కోసం ఒక పాత ఎనిమిది దినుసుల మాత్రలోంచి దాల్చిననూ, వసనాభి జాతి దుంపనూ తీసేసి ఆరు దినుసులకు దించాడు. పిల్లలకు అంత వేడి అక్కర్లేదని. (ఆ ఆరు దినుసుల మాత్రే ఇప్పుడు చైనాలో పెద్దవాళ్లు నడుంనొప్పికీ, అలసటకూ మింగుతుంటారు. పిల్లల కోసం పుట్టిందని చాలామందికి తెలియదు.) 1798లో వూ జూతుంగ్ అనే వైద్యుడు ఈ వాదానికి అడ్డుపడ్డాడు. పిల్లల యాంగ్ లేతది, ఇంకా నిండలేదు. యిన్ (చల్లదనం, తేమ వైపు) కూడా లేతదే, ఇంకా పెరగలేదు. రెండూ అరకొరే అయినప్పుడు అతిగా చల్లబరిచినా దెబ్బే, అతిగా వేడి చేసినా దెబ్బే అన్నాడు. ఇప్పటి చైనా పాఠ్యపుస్తకాలు రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి, ఒకటి పెరిగే వేగం గురించి, ఇంకొకటి లేతదనం గురించి అని సర్దిచెబుతాయి. నా ఓటు వూ జూతుంగ్‌కే. తర్వాత మనం చూడబోయే కాలం లెక్క ఆయన మాటతోనే బాగా అతుకుతుంది.

జలుబుతో తోడు వచ్చేవి మూడు

పెద్దవాళ్ల జలుబుకు గాలి-చలి, గాలి-వేడి అని రెండు గదులు చాలు. పిల్లల్లో ఇవి తప్పకుండా చూసినా, దాంతో పాటు వెంట వచ్చింది ఎవరని అడగాలి. కఫం, తిండి, బెదురు. చైనా వైద్యుల నోట ఎప్పుడూ వినిపించే మూడు తోడులు ఇవి.

కఫం తోడైతే గొంతులో గురగుర, దగ్గులో తడి చప్పుడు. ఊపిరితిత్తుల కొరతే దీనికి కారణం, బయటి గాలి తగలగానే లోపలి తేమ కదలక గడ్డకడుతుంది. బెదురు తోడైతే జ్వరంలో ఉలికిపాట్లు, పళ్లు కొరకడం, ఫిట్స్ దాకా పోవచ్చు.

తిండి తోడవడం వీటిలో అన్నిటికంటే మామూలు విషయం, పెద్దవాళ్లు ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే. పిల్లవాడు జలుబుకు ముందు రోజు ఏం తిన్నాడని వైద్యుడు అడుగుతాడు. పొట్ట ఉబ్బరం, పులితేన్పులు, నోటి దుర్వాసన, రెండు రోజులుగా దొడ్డికి పోకపోవడం, అరచేతులు మిగతా ఒంటికంటే వేడిగా ఉండటం, నాలుక మీద మందంగా జిడ్డు పూత – ఇవన్నీ తిన్నది లోపల నిలిచిపోయిందని చెప్పే గుర్తులు. నిలిచిన తిండి లోపల కుళ్లి వేడి పుట్టిస్తుంది, బయట చలి తలుపులు మూసేసింది, లోపలి వేడికి బయటికి పోయే దారి లేదు. రాత్రికి ఒళ్లు కాలిపోయింది అందుకే. బయటి చలిని మాత్రమే చెమట పట్టించి పంపితే జ్వరం మళ్లీ వస్తుంది, లోపల నిలిచినది కూడా కదలాలి అంటారు. ఈ పనికి వాళ్లు వాడే త్రయం వేయించిన హాథార్న్ పళ్లు, మొలకెత్తించిన బార్లీ, మూలికలతో పులియబెట్టిన గోధుమ పిండి. "పిల్లలు క్షేమంగా ఉండాలంటే పదింట మూడు పాళ్లు ఆకలి, పదింట మూడు పాళ్లు చలి ఉంచు" అని చైనా అమ్మమ్మలు అనే మాట ఇక్కడి నుంచే. ఆచరణలో మాత్రం అక్కడా అమ్మమ్మలే ముద్ద ముద్దకూ వెంటపడి తినిపిస్తారు, అది వేరే సంగతి.

చియెన్ యీ నాలుగు తేదీలు

కాలం జబ్బును ఎలా మారుస్తుందో చెప్పే పాఠాలు చాలా ఉన్నాయి. అన్నిటిలోకీ నాకు నచ్చింది చియెన్ యీ పుస్తకంలో ఎండాకాలం, శరత్కాలం వాంతులు-విరేచనాల గురించిన భాగం. ఆయన తేదీలు వేసి మరీ చెప్పాడు.

అయిదో నెల 15 తర్వాత వాంతులు, విరేచనాలతో ఒళ్లు మండిపోతుంటే, లోపల పదింట తొమ్మిది పాళ్లు వేడి. ఆరో నెల 15 తర్వాత వచ్చి ఒళ్లు గోరువెచ్చగా ఉంటే ఆరు పాళ్లు వేడి, నాలుగు పాళ్లు చలి. ఏడో నెల 7 తర్వాత వచ్చి ఒళ్లు కాస్త చల్లబడుతుంటే మూడు పాళ్లు వేడి, ఏడు పాళ్లు చలి. ఎనిమిదో నెల 15 దాటాక ఒళ్లు చల్లబడితే అందులో ఇక యాంగ్ లేదు.

ఇవి చాంద్రమాన తేదీలు. వాళ్ల నెలలు కూడా మనవాటిలాగే అమావాస్య నుంచి మొదలవుతాయి కాబట్టి తెలుగు పాఠకులకు ఒక సౌకర్యం ఉంది. చాలా సంవత్సరాల్లో వాళ్ల మొదటి నెల మన మాఘమాసంతో కలుస్తుంది. అంటే చియెన్ యీ తేదీలు సుమారుగా జ్యేష్ఠ పౌర్ణమి, ఆషాఢ పౌర్ణమి, శ్రావణ శుద్ధ సప్తమి, భాద్రపద పౌర్ణమి. అధికమాసం వేసే పద్ధతి వేరు కావడంతో కొన్నేళ్లు ఒక నెల అటూ ఇటూ అవుతుంది.

ఈ నాలుగు వాక్యాలను రెండుసార్లు చదవండి. జబ్బు పేరు మారలేదు, వాంతులు-విరేచనాలే. మారింది ఆ జబ్బు లోపలి వేడి-చలి పాళ్లు. నాలుగు చోట్లా ఆయన తేదీతో ఆగకుండా ఒళ్లు ఎలా ఉందో కూడా పక్కనే చెప్పాడు: మండిపోతోందా, గోరువెచ్చగా ఉందా, చల్లబడిందా. తేదీ అంచనా ఇస్తుంది, ఒళ్లు ఆ అంచనా నిజమో కాదో చెబుతుంది. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన నేర్పు అంతా ఇదే. క్యాలెండరు చూసి జబ్బు చెప్పేసే విద్యార్థి ఈ పద్ధతిలో ఫెయిలే.

దగ్గు విషయంలోనూ ఆయనది ఇదే దారి. ఎనిమిది, తొమ్మిది నెలల్లో ఊపిరితిత్తుల శక్తి నిండుగా ఉంటుంది కాబట్టి అప్పుడు పట్టిన దగ్గు బలహీనత వల్ల వచ్చింది కాదు, పాతదీ కాదు. పదకొండు, పన్నెండు నెలల్లో వచ్చేది గాలి తగిలిన దగ్గు.

శరత్కాలపు విరేచనాల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చల్లబడే కాలంలో చంటిపిల్లలకు వాంతులతో మొదలై నీళ్ల విరేచనాలయ్యే జబ్బును చైనాలో ఇప్పటికీ 'శరత్కాల విరేచనాలు' అనే అంటారు. దానికి ఎక్కువగా కారణం రోటావైరస్. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం దాన్ని పిల్లల పేగుల్లో మైక్రోస్కోపు కింద చూపించింది. చియెన్ యీ చెప్పిన చల్లబడిన ఒళ్లు చాలావరకు నీరు, ఉప్పు పోయి రక్తప్రసరణ తగ్గిన ఒళ్లే. చూసినదాన్ని ఆయన చక్కగా పట్టుకున్నాడు, కారణం మాత్రం ఆయన పంచాంగంలో దొరికేది కాదు. ఇందులో మనకు నేరుగా సంబంధం ఉన్న ముక్క కూడా ఉంది: రోటావాక్ టీకా హైదరాబాదులోని భారత్ బయోటెక్‌ది, 2016లో దేశంలో టీకాల కార్యక్రమంలో మొదటగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ బిడ్డకు విరేచనాలైతే ఏ నెల అన్నది పక్కనపెట్టి ఓఆర్ఎస్ కలపండి, జింక్ గురించి డాక్టరును అడగండి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, మగతగా పడున్నా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మిగతా కాలాలు

వసంతం కాలేయానిది, గాలిది. 1వ పాఠంలో చెప్పుకున్న మూలగ్రంథంలో ఒక వాక్యం ఉంది: చలికాలంలో చలి దెబ్బ తింటే వసంతంలో వెచ్చని జ్వరం తప్పదు. అంటే జబ్బు పడిన రోజుకూ, బయటపడిన రోజుకూ మధ్య ఒక కాలం దాగి ఉంటుంది. ఆయుర్వేదం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. చలికాలంలో పోగుపడిన కఫం వసంతంలో ప్రకోపిస్తుందని మన ఋతుచర్య చెబుతుంది. రెండూ ఒకటే అని తొందరపడకండి, ఇక్కడ దాగేది బయటి నుంచి వచ్చిన చలి, అక్కడ పోగుపడేది లోపలి దోషం.

అయితే వసంతంలో ఒకే వీధిలో పది మంది పిల్లలకు ఒకేసారి గవదబిళ్లలు వస్తే ఈ వాక్యం చాలదు. పది మందికీ చలి ఒకేలా తగిలిందా? ఈ ప్రశ్నకు 1642లో వూ యోకె గట్టి జవాబు ఇచ్చాడు. అప్పటి అంటురోగాలను కళ్లారా చూసి, ఇది గాలీ కాదు, చలీ కాదు, ఎండా కాదు, చెమ్మా కాదు, ముక్కు నుంచీ నోటి నుంచీ లోపలికొచ్చే వేరే దుష్టవాయువు అని రాశాడు. కాలం లెక్కకు ఉన్న హద్దును ఆ వైద్యంలోని మనిషే గీశాడు. తట్టు, ఆటలమ్మ, గవదబిళ్లలు ఈ ఖాతాలోకి వెళ్తాయి.

ఎండాకాలంలో తెలుసుకోవాల్సిన ముఖ్యమైనది 'వేసవి జ్వరం'. దక్షిణ చైనాలో మూడేళ్ల లోపు పిల్లల్లో చూసి రాసిన జబ్బు. ఎండలు ముదిరాక జ్వరం మొదలై వారాల తరబడి ఉంటుంది, ఎండ పెరిగితే పెరుగుతుంది, వాన పడితే తగ్గుతుంది. నీళ్లు విపరీతంగా తాగుతారు, మూత్రం ఎక్కువ, చెమట మాత్రం పట్టదు. లేత యిన్‌ను ఎండ పీల్చేసింది, లేత యాంగ్‌కు చెమట తలుపులు తెరిచే బలం లేదు, తాగిన నీరు నిలవక కిందికి పోతోంది అని వివరణ. వూ జూతుంగ్ మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది కదా. ఒంటి వేడిని సరిచేసుకునే ఏర్పాటు ఇంకా పూర్తిగా పెరగలేదని ఇప్పటి వైద్యం అంటుంది. చల్లటి గదిలోకి మారిస్తే జ్వరం దిగడం దీని గుర్తు. అలాగని మన దగ్గర వారం దాటిన జ్వరాన్ని ఎండ మీదికి తోసేస్తే ప్రమాదం, టైఫాయిడ్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటివి లేవని తేలాకే ఆ మాట.

ఎండాకాలం చివర చెమ్మకాలం ఒకటి వేరుగా ఉంటుంది, అది ప్లీహానిది. తిండి సహించకపోవడం, బద్ధకం, జిడ్డు నాలుక. మన శ్రావణ భాద్రపదాల ముసురు తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చలికాలం జబ్బుకు ఎండాకాలంలో మందు వేయడం ఈ సంప్రదాయంలో ఒక విచిత్రం. వేసవి అయనాంతం తర్వాత జులై మధ్య నుంచి ఆగస్టు దాకా ముప్పై, నలభై రోజుల ఉక్క రోజులుంటాయి. అప్పుడు ఉబ్బసం పిల్లలను వరుసగా కూర్చోబెట్టి వీపు మీద పట్టీలు వేస్తారు. తెల్ల ఆవాలు, మరో మూడు మూలికల పొడిని అల్లం రసంతో ముద్ద చేసి, నాణెమంత బిళ్లలుగా వెన్నెముకకు రెండు పక్కలా ఊపిరితిత్తుల స్థానాల్లో అంటిస్తారు. ఈ పద్ధతిని 1695లో జాంగ్ లూ రాసిపెట్టాడు. బయట యాంగ్ పొంగుతున్నప్పుడు ఒంట్లో దాగిన చలిని కరిగించాలన్నది లెక్క. ఆవాల ఘాటుకు చర్మం ఎర్రబడుతుంది, బొబ్బలు కూడా లేస్తాయి, అందుకే పిల్లలకు తక్కువసేపు ఉంచుతారు. పాత యోగంలోని ఒక మూలికలో మూత్రపిండాలను పాడుచేసే పదార్థం ఉంటుంది. వీడియో చూసి ఇంట్లో ఆవాలు నూరే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి.

శరత్కాలం పొడిది. పొడి దగ్గు, పెదాల పగుళ్లు, గొంతు గరగర. సెప్టెంబరు 7, 8 తేదీల్లో వచ్చే 'తెల్ల మంచు' పర్వం దాటాక పిల్లలను ఒళ్లు కనిపించేలా తిప్పకూడదంటారు. కలకండ వేసి ఉడికించిన పియర్ పండు అక్కడ ఇంటింటి చిట్కా. అదే కాలానికి ఇంకో సామెత పిల్లల్ని కాస్త చలికి అలవాటు పడనిమ్మంటుంది, వసంతంలో మాత్రం కప్పి ఉంచమంటుంది. రెండూ కలిపి పాటించడం ఎలాగో ఆ అమ్మమ్మలకే తెలియాలి.

చలికాలంలో చెప్పాల్సింది ఆయాసం. ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి పీల్చే పిల్లవాడిని చూస్తే చైనా వైద్యులు ఎప్పటి నుంచో హడలిపోయేవారు. ఇప్పుడు దానికి అంకెలున్నాయి. పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 – అంతకు చేరినా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. అప్పుడు గాలీ చలీ వెతుకుతూ కూర్చోవద్దు.

వేలి గీత చదవడం

మూడేళ్ల లోపు పిల్లల నాడి పట్టడం కష్టం. చేయి లాగేసుకుంటారు, ఏడుస్తారు, మణికట్టు మీద మూడు వేళ్లకు చోటుండదు. అందుకని చూపుడువేలు చూస్తారు. బొటనవేలి వైపు అంచున చర్మం కింద సన్నటి సిర కనిపిస్తుంది. అరచేతికి దగ్గరి గణుపు గాలి ద్వారం, మధ్యది చి (ఒంట్లో తిరిగే శక్తి) ద్వారం, కొసది ప్రాణ ద్వారం.

చూసే పద్ధతి: బిడ్డను పగటి వెలుగులో కూర్చోబెట్టి, ఎడమచేత్తో ఆ వేలి కొసను పట్టుకుంటారు. కుడి బొటనవేలితో కొస నుంచి అరచేతి వైపు మెల్లగా నాలుగైదుసార్లు తోస్తారు, అప్పుడు గీత తేలుతుంది. పైపైన తేలితే జబ్బు ఇంకా పైనే ఉంది, లోతుగా ఉంటే లోపలికి దిగింది. ఎర్రటి గీత చలి, ఊదా రంగు గీత వేడి. తోస్తే చటుక్కున నిండకుండా నిలిచిపోయినట్టుంటే లోపల ఏదో అడ్డుపడింది, తిండో కఫమో. గాలి ద్వారంలో ఆగితే తేలిక జబ్బు, ద్వారాలు దాటి గోరు దాకా పాకితే ప్రాణం మీదికి వచ్చిందనేవారు.

ఇవాళ్టి కళ్లతో చూస్తే ఇది సిరల్లో రక్తం ఎంత నిండింది, ఎంత వేగంగా కదులుతోంది అన్నదాన్ని చూడటమే. రంగుల వర్ణనలన్నీ అక్కడి పిల్లల చర్మం చూసి రాసినవి, మన చామనఛాయ పిల్లల వేలి మీద ఎరుపుకీ ఊదాకీ తేడా పట్టడం కష్టం. గీత ఒక్కదాన్ని నమ్మి ఎవరూ తీర్పు చెప్పరు.

ఒక కేసు కలిసి చదువుదాం

ఊహించుకున్న కేసు ఇది. షాన్‌దుంగ్‌లోని జినాన్ నగరం, అక్టోబరు చివరి వారం. నాలుగేళ్ల పాప. తాతగారి పుట్టినరోజు విందు అయిన మర్నాడు ముక్కు కారింది, రాత్రికి జ్వరం. ముక్కు నుంచి నీళ్లే, చెమట లేదు. గొంతు ఎర్రగా లేదు. నోరు వాసన, పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది, ముట్టుకుంటే ఏడుస్తోంది, రెండు రోజులుగా దొడ్డికి పోలేదు. నాలుక మీద మందంగా తెల్లటి జిడ్డు పూత. నిద్రలో పళ్లు కొరుకుతోంది.

ముందు బిడ్డ: పొట్ట, నోరు, నాలుక మూడూ ప్లీహం వైపే వేలు చూపిస్తున్నాయి. కాలం: అక్టోబరు చివరంటే పొడి నుంచి చలికి మారే మలుపు. పొడి జబ్బు అందామంటే పొడి దగ్గు లేదు, పెదాలు పగల్లేదు, ముక్కు తడిగానే ఉంది. నీళ్ల చీమిడి, చెమట లేకపోవడం, ఎర్రబడని గొంతు గాలి-చలినే చెబుతున్నాయి. తోడు: విందు తిండి. పళ్లు కొరకడం చూసి బెదురు అనేయకండి, ఉలికిపాట్లు లేవు, లోపలి తిండి వేడికి కూడా పళ్లు కొరుకుతారు. తీర్పు 'తిండి తోడైన గాలి-చలి'. నాలుక పూత రేపు తెలుపు నుంచి పసుపుకు తిరిగితే తీర్పు మార్చాలి, ఆ నాలుగు 'ఇట్టే'లను మరిచిపోవద్దు. అన్నట్టు, ముట్టుకుంటే ఏడ్చే గట్టి పొట్ట ఏ వైద్యంలోనైనా ముందు డాక్టరు చేత్తో చూసి తేల్చాల్సిన విషయం.

అభ్యాసం

మూడు కేసులు. ప్రతిదానికీ బిడ్డ, కాలం, తోడు అని మూడు ముక్కలు రాయండి, ఆ తర్వాతే తీర్పు.

గ్వాంగ్‌జౌ, జులై చివర. పద్నాలుగు నెలల బాబు. పన్నెండు రోజులుగా జ్వరం, మధ్యాహ్నం పెరిగి వాన పడితే దిగుతోంది. చర్మం పొడిగా ఉంది, నీళ్లు తెగ తాగుతున్నాడు. తీర్పుతో పాటు, అది చెప్పే ముందు ఏ పరీక్షలు అడుగుతారో కూడా రాయండి.

బీజింగ్, ఏప్రిల్. ఏడేళ్ల అబ్బాయి. జ్వరం, చెవి కింద వాపు, నమిలితే నొప్పి. బడిలో ఇంకో నలుగురికి ఇలాగే ఉంది. మూలగ్రంథం వాక్యంతో చదివితే ఏమవుతుంది, వూ యోకెతో చదివితే ఏమవుతుంది?

జినాన్, అక్టోబరు మొదటి వారం, అప్పటికి ఎనిమిదో నెల పౌర్ణమి దాటింది. పది నెలల పాప. నిన్న వాంతులు, ఇవాళ ఎనిమిది నీళ్ల విరేచనాలు. చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయి. చియెన్ యీ ఏమంటాడో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయడానికి ముందు మీరు చేయాల్సిన పని ఏమిటో దాని పైన రాయండి.

జవాబులు తర్వాతి పాఠంలో. 6వ పాఠం తట్టు, ఆటలమ్మ, మశూచి గురించి, చియెన్ యీ వాటిని ఒకదాని నుంచి ఇంకోదాన్ని ఎలా విడదీశాడన్నది. ఆ పాఠానికి వచ్చేముందు 2వ పాఠంలోని ఐదు దశల పట్టిక ఒకసారి తిరగేసి ఉంచుకోండి.